పిల్లను కాదు, పెద్ద కుక్కను చూడండి

ప్రశ్న: మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉంటున్నాం. ఇంట్లో మా అత్తగారు, మావారు, నేను, పదకొండేళ్ల బాబు. మేమిద్దరం ఉద్యోగాలకు ఉదయం తొమ్మిదింటికి బయలుదేరితే సాయంత్రం ఆరింటికి గాని తిరిగి రాము. బాబు రెండేళ్లుగా కుక్క కావాలని అడుగుతున్నాడు. మావారు ఇరవై వేలు పెట్టి లాబ్రడార్ పిల్లను కొందామంటున్నారు. నాకేమో షెల్టరు నుంచి దిక్కులేనిదాన్ని తెచ్చుకొంటే బాగుంటుందని ఉంది. పోయిన నెలలో ఊరి బయట ఉన్న ఒక సంరక్షణ కేంద్రానికి వెళ్తే రెండు నెలల పిల్లలు నాలుగు కనిపించాయి. బాబు వాటిని వదిలి రానన్నాడు. అక్కడి కుక్కలకు రోగాలుంటాయని, అవి ఎప్పుడు కరుస్తాయో తెలియదని మావారి భయం. మా అత్తగారు మడి పాటించే మనిషి. కుక్క వస్తే తాను గుంటూరులోని మా బావగారింటికి వెళ్లిపోతానన్నారు. అపార్టుమెంటు సంఘంవారు కుక్కలకు అనుమతి లేదన్నారు. పైగా ఆ కేంద్రంవారు మా ఇల్లు చూడాలని, పత్రం మీద సంతకం చేయాలని అడుగుతున్నారు. దీపావళి సెలవుల్లోనే తెద్దామని బాబు పట్టు పడుతున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: దిక్కులేనిదాన్ని తెచ్చుకోవాలన్న మీ ఆలోచన మంచిది, దాన్ని వదులుకోవద్దు. అయితే మీరు చూసి వచ్చిన నాలుగు పిల్లల్లో ఏదీ మీ ఇంటికి తగినది కాదని నా అభిప్రాయం. అదే కేంద్రానికి మళ్లీ వెళ్లి, రెండేళ్లు నిండి నాలుగైదేళ్లకు మించని పెద్ద కుక్కలను చూపించమని అడగండి. ఈ మాట మీ అబ్బాయికి రుచించదని నాకు తెలుసు. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను. వాటిని అతనికి కూడా చదివి వినిపించండి.

మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం, మీరిద్దరూ తొమ్మిదింటికి వెళ్లి ఆరింటికి గాని రారన్నది. అబ్బాయి బడికి వెళ్తాడు కనుక ఆ తొమ్మిది గంటల్లో ఎక్కువ సేపు కుక్కతో ఇంట్లో ఉండేది మీ అత్తగారు ఒక్కరే. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, రోజుకు మూడు నాలుగు సార్లు తినాలి, పళ్లు వచ్చే వయసు కనుక చెప్పులనూ కుర్చీ కాళ్లనూ కొరుకుతుంది, ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది. దానికి చివరి విడత టీకా పదహారు వారాల వయసు దాకా పడదు. అప్పటి వరకు మిగిలిన కుక్కలు తిరిగే వీధిలోకి దించకూడదు కనుక అన్నీ ఇంట్లోనే జరగాలి. మడి కట్టుకొని పూజ చేసుకొనే మనిషి రోజుకు అయిదారు సార్లు హాలు తుడవాలి. ఇది ఆవిడకూ న్యాయం కాదు, ఆ పిల్లకూ న్యాయం కాదు. ఎదిగిన కుక్క ఉదయం బయటికి తిప్పి తెస్తే ఆరేడు గంటలు ఇబ్బంది లేకుండా ఆగగలదు, పగలంతా చాలావరకు నిద్రపోతుంది. దాని పరిమాణం ఎంతో, స్వభావం ఏమిటో, పిల్లలంటే ఇష్టమో భయమో, అన్నీ ముందే తెలిసిపోతాయి. పిల్ల విషయంలో ఇవన్నీ మన ఊహలే.

ఇంకొక సంగతి. పిల్లలను ఎవరో ఒకరు తీసుకువెళ్తారు. మూడేళ్ల కుక్క మాత్రం వచ్చిన ప్రతివారినీ కంచె దగ్గరికి వచ్చి చూసి, వెనక్కి వెళ్లి పడుకొంటుంది. ముప్పై ఏళ్ల పశువైద్య వృత్తిలో అలాంటి కుక్కలను చాలా చూశాను, ఇప్పటికీ చూడడం కష్టంగానే ఉంటుంది.

పిల్లను వద్దనడానికి నా సొంత అనుభవం ఒకటి కారణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరు బ్రాడీపేటలో అద్దెకు ఉండేవాణ్ణి. ఒక వానాకాలం రాత్రి తడిసి వణుకుతున్న పిల్లను ఇంటికి తెచ్చుకొన్నాను. మొదటి మూడు రోజులు హుషారుగా ఆడింది. నాలుగో రోజు వాంతులు, అయిదో రోజు రక్త విరేచనాలు. ఆరో రోజు ఉదయానికి ప్రాణం పోయింది. అది పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ రోగం. రోగం ఒంట్లో ప్రవేశించిన మూడు నుంచి ఏడు రోజుల దాకా పిల్ల ఆరోగ్యంగానే కనిపిస్తుంది కాబట్టి, తెచ్చిన రోజు నాకు అనుమానం రాలేదు. వరండా ఫినాయిల్‌తో కడిగించి, రెండు నెలల తరవాత, టీకాలు పూర్తికాని మరొక పిల్లను అదే వరండాలోకి తెచ్చాను. ఆ వైరస్ నేలలోనూ గోడ పగుళ్లలోనూ నెలల తరబడి బతికి ఉంటుందని, మామూలు ఫినాయిల్‌కు చావదని, బ్లీచింగ్ ద్రావణమే దానికి మందని పుస్తకంలో చదివినవాణ్ణే. రెండో పిల్ల కూడా దక్కలేదు. ఆ తప్పు నాది, ఇన్నేళ్లయినా మరచిపోలేదు. చాలా పిల్లలను ఒకచోట ఉంచే ఏ కేంద్రంలోనైనా, నడిపేవారు ఎంత శ్రద్ధగలవారైనా, పిల్లలకు ఈ ప్రమాదం ఉంటుంది. పూర్తి టీకాలు పడిన పెద్ద కుక్కకు అది చాలా తక్కువ. మీ అబ్బాయి ముద్దు చేసిన పిల్ల అతని కళ్లముందే ఆరు రోజుల్లో పోతే అతను ఏమవుతాడో ఒకసారి ఆలోచించండి.

ఇక మీవారి భయం. అది అర్థం లేనిదని అనను. అయితే లాబ్రడార్ పిల్లను కొనడం దానికి సమాధానం కాదు. సరిగా పెంచకపోతే ఏ జాతి కుక్కైనా కరుస్తుంది. లాబ్రడార్ మంచి కుక్కే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాని చల్లని నీళ్లలో దిగి పనిచేయడం కోసం తయారు చేసిన జాతి అది. ఒత్తయిన జోడు పొరల బొచ్చు, పాతిక నుంచి ముప్పై అయిదు కిలోల బరువు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడమే వేడి తగ్గించుకొనే ప్రధాన మార్గం. రోహిణీ కార్తెలో మన బెజవాడ ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకినప్పుడు, కూలరు లేని గదిలో అలాంటి కుక్క పడే బాధ నేను ఏటా ఆసుపత్రిలో చూశాను. పొట్టి వెంట్రుకల మన దేశవాళీ కుక్క తరతరాలుగా ఈ ఎండలో బతికినది. దానికీ నీడ, నీళ్లు కావాలి. నడిమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే దాని పాదాలూ కాలుతాయి. అయినా ఈ వాతావరణం దాని ఒంటికి పట్టినదే.

కరుస్తుందా లేదా అన్నది కళ్లతో చూసి చాలావరకు తెలుసుకోవచ్చు, దానికి ఒక్కరోజు చాలదు. కనీసం మూడు సార్లు వెళ్లండి. నిర్వాహకులను ఎలాగూ కలుస్తారు, కాని రోజూ పళ్లెంలో అన్నం పెట్టే మనిషి ఎవరో కనుక్కొని ఆయనతో విడిగా మాట్లాడండి. ఆ కుక్క ఎక్కడ దొరికింది, ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంది, తినేటప్పుడు దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా, తాడు వేస్తే నడుస్తుందా, హెల్మెట్ పెట్టుకొన్నవారిని, కర్ర పట్టుకొన్నవారిని చూస్తే ఏం చేస్తుంది, ఎవరినైనా ఎప్పుడైనా కరిచిందా అని అడగండి. జాలిలో మెరుగుపెట్టి చెప్పడం సహజం. అయినా అన్నం పెట్టే మనిషి సాధారణంగా నిజమే చెబుతాడు. కంచెలో ఉన్నప్పుడు అరిచిందని తోసిపుచ్చవద్దు, ఇరవై కుక్కల మధ్య ఉన్న ఏ కుక్కైనా అరుస్తుంది. దాన్ని బయటికి తెప్పించి, ఆటోలు, బస్సులు పోయే రోడ్డు పక్కన పది నిమిషాలు నడిపించమనండి. అబ్బాయిని నేల మీద పక్కకు తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా కూర్చోమనండి; అది తనంతట తాను వచ్చి వాసన చూడాలి. తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, ఆకలి లేకున్నా పెదవులు నాకడం, అకారణంగా ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం భయానికి గుర్తులు. అలాంటిది చెడ్డ కుక్క అనలేం, దానికి ఇంకా సమయం కావాలి. మెలకువతో ముట్టుకొన్నా కదలక మెదలక బిగుసుకుపోయే కుక్కను మాత్రం పిల్లలున్న ఇంటికి తెచ్చుకోవద్దని చెబుతాను.

రోగాల సంగతికి వస్తే, టీకాల పుస్తకం చూడకుండా ఏ కుక్కనూ తీసుకోవద్దు. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ అనే మరో వైరస్ రోగం, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటివాటికి కలిపి వేసే టీకా పడి ఉండాలి. నట్టల మందు ఎప్పుడు వేశారో తేదీ ఉండాలి. సంతాన నియంత్రణ ఆపరేషన్ జరిగిన వీధికుక్కకు చెవి కొసన చిన్న కోత ఉంటుంది. మన ప్రాంతంలో గోమార్ల బెడద ఎక్కువ. అవి రక్తం పీల్చి జ్వరం అంటిస్తాయి. చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం, తిండి మానేయడం దాని లక్షణాలు. పైకి ఏమీ కనిపించకపోయినా ఇంటికి తెచ్చేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. మీకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే కనుక అక్కడ చూపించుకోవచ్చు, లేదా దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా చికిత్స లేదు, ముందుగా టీకా వేస్తే మాత్రం దాన్ని నిలువరించగలం. అందుకే కుక్కకు ఏటా ఆ టీకా వేయించడం తప్పనిసరి. ఆటలో అబ్బాయికి పన్ను గీసుకొన్నా సరే, కుళాయి నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. పసుపు, కారం, సున్నం ఏదీ గాయం మీద పెట్టవద్దు.

మీ అత్తగారి మాటను మొండితనంగా తీసుకోకండి. దత్తాత్రేయుని పటంలో నాలుగు కుక్కలున్నాయి కదా, కాలభైరవుని వాహనం కుక్కే కదా అని ఆవిడను ఒప్పించబోవద్దు. ఆ సంగతులు మీకంటే నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మడి బట్టలు ఆరేసిన చోటికి అది వస్తే ఎవరు ఆపుతారు, వంటింట్లో వెంట్రుక రాలితే ఎవరు తీస్తారు, మీరంతా వెళ్లిపోయాక అది మీదికి వస్తే తానేం చేయాలి? ఆవిడ పైకి అనకపోయినా అడుగుతున్నవి ఇవే అనుకొంటాను. వీటికి మాటలతో కాక ఏర్పాట్లతో జవాబివ్వండి. వంటింటికీ పూజగదికీ గుమ్మం దగ్గర నడుము ఎత్తున చెక్క తలుపు బిగించండి. మడి బట్టలకు వెనక బాల్కనీ విడిచిపెట్టి, కుక్కకు హాలూ ముందు బాల్కనీ మాత్రమే ఇవ్వండి. ఎదిగిన కుక్క ఈ హద్దులను రెండు మూడు వారాల్లో నేర్చుకొంటుంది. మధ్యాహ్నం ఒకసారి వచ్చి దాన్ని కిందికి తిప్పి తెచ్చేందుకు మీ పనిమనిషికో, నమ్మకమైన కుర్రవాడికో విడిగా జీతం మాట్లాడుకోండి. ఆవిడ చేయవలసిన పని ఒక్కటి కూడా లేకుండా చూసి, ఆ మాట మీవారి చేత ఆవిడకు చెప్పించండి. కొడుకు నోట వినడానికీ కోడలి నోట వినడానికీ తేడా ఉంటుంది.

ఇంత చేసినా ఆవిడ మనసు ఒప్పకపోతే తేవద్దు. ఇష్టంలేని పెద్దమనిషి ఉన్న ఇంట్లో కుక్క రోజంతా అదిలింపులు వింటూ బతుకుతుంది, చివరికి మళ్లీ ఆ కంచె వెనక్కే చేరుతుంది. ఒకసారి ఇల్లు చూసి వెనక్కి వెళ్లిన కుక్క తిండి మానేసిన సందర్భాలు నాకు తెలుసు. అలాంటప్పుడు ప్రతి ఆదివారం అబ్బాయిని ఆ కేంద్రానికి తీసుకువెళ్లి ఒక్క కుక్క బాధ్యత అప్పగించండి. నడిపించడం, దువ్వడం, గిన్నె కడగడం ఆ వయసువాడు చేయగలడు. ఇంట్లోని పాత దుప్పట్లు, వార్తాపత్రికలు కూడా అక్కడ పనికివస్తాయి.

తిండి గురించి మీరు అడగలేదు, కాని శాకాహారపు ఇల్లనుకొని చెబుతున్నాను. ఉత్త పెరుగన్నంతో కుక్క కడుపు నిండుతుందే గాని ఒంటికి కావలసిన మాంసకృత్తులు చాలవు. గుడ్డు, కోడిమాంసం ఇంట్లోకి తేలేనివారు ప్యాకెట్లలో వచ్చే పొడి మేత పెట్టవచ్చు. మొదటి వారం ఆ కేంద్రంలో ఏం పెడుతున్నారో అదే పెట్టి, తరవాత కొద్దికొద్దిగా మార్చండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి కనుక అవి వేసిన పాయసం, చక్కెరపొంగలి ప్రసాదం దానికి పెట్టే అలవాటు వద్దు. చాక్లెట్ కూడా విషమే. మన జ్వరం మాత్రలు దానికి ఎప్పుడూ వేయకండి.

అపార్టుమెంటు సంఘంవారితో తగవు పెట్టుకోనక్కరలేదు. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని, మెజారిటీ తీర్మానం చేసినా అది చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటి నకలు ఒకటి జతచేసి, టీకాలు వేయిస్తామని, మెట్ల మీద తాడు లేకుండా వదలమని, మలం మేమే ఎత్తివేస్తామని రాసి ఇవ్వండి. ఆ రాసినవి తప్పకుండా పాటించండి కూడా. కుక్కంటే భయపడే పొరుగువారికీ ఆ మెట్ల మీద హక్కు ఉంది. నగరపాలక సంస్థలో పెంపుడు కుక్క నమోదు గురించి విచారించి ఆ కాగితమూ దగ్గర పెట్టుకోండి.

ఆ కేంద్రంవారు ఇల్లు చూస్తామనడాన్ని అవమానంగా భావించవద్దు. అలా అడిగేవారి దగ్గరే తీసుకోండి. మీ బాల్కనీ కమ్మీల మధ్య కుక్క తల దూరేంత సందు ఉందేమో వారే కనిపెట్టి చెబుతారు. వారిచ్చే పత్రంలో సాధారణంగా అమ్మనని, గొలుసుతో రోజంతా కట్టివేయనని, ఉంచుకోలేకపోతే తిరిగి వారికే అప్పగిస్తానని ఉంటుంది. పెంచుకొన్న జంతువును నిరాధారంగా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. వీధికుక్కను దత్తత తీసుకొన్నవారు అది మళ్లీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత తమదేనని సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో స్పష్టం చేసింది. దేశవాళీ కుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. ఇప్పుడు మూడేళ్ల కుక్కను తెస్తే మీ అబ్బాయి ఇంజనీరింగు చదువుకో ఉద్యోగానికో ఊరు దాటాక కూడా అది మీ ఇంట్లోనే ఉంటుంది. ఆ సంతకం అబ్బాయి కోరికకు కాదు, మీ దంపతుల బాధ్యతకు అని తెలిసి చేయండి.

దీపావళికి మాత్రం తేవద్దు. కొత్త ఇంట్లో దారీ తెన్నూ తెలియని కుక్క మొదటి టపాకాయ చప్పుడుకే తలుపు సందులోంచి పారిపోతుంది. ఆ రెండు మూడు రోజుల్లో తప్పిపోయిన కుక్కల కోసం వెతికేవారు ఏటా నా దగ్గరికి వస్తారు. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. మీ అత్తగారికి తెల్లవారుజాము స్నానాలు, దీపాలు, సోమవారం ఉపవాసాలు ఉంటాయి కనుక ఆ నెల ఇంట్లో కొత్త కదలిక పెట్టవద్దు. పోలిపాడ్యమి నాడు ఆవిడ దీపాలు వదిలి వచ్చాక, చలి మొదలైన మార్గశిరంలో తెచ్చుకోండి. ఈలోగా వచ్చే ఆదివారాలన్నీ ఆ కుక్కను చూడడానికి ఉపయోగించుకోండి. మీ ఇంట్లో వాడిన పాత నూలు గుడ్డ ఒకటి దాని దగ్గర వదిలి వస్తే, మీ ఇంటి వాసన దానికి ముందే పరిచయమవుతుంది. ఒక ఆదివారం మీ అత్తగారిని కూడా రమ్మని అడగండి. దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి, కుక్కను దగ్గరికి తేవద్దు, ఏమనిపించిందని అక్కడే అడగవద్దు.

తెచ్చే రోజు మెడపట్టీతో పాటు ఛాతీకి తొడిగే బెల్టు కూడా వేసి, పట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల తగిలించండి. కొత్త కుక్కలు ఎక్కువగా తప్పించుకొనేది వాహనం దిగే క్షణంలోనే. మొదటి మూడు రోజులు అది సరిగా తినకపోవచ్చు, మంచం కిందినుంచి రాకపోవచ్చు. ఇంటి వేళలు పట్టుబడడానికి మూడు వారాలు, ఇది తన ఇల్లేనని నమ్మడానికి మూడు నెలలు పడుతుందని ఈ పనిలో ఉన్నవారు చెప్పే లెక్క, నా అనుభవంలోనూ అది దాదాపు సరిపోయింది. మొదటి వారం స్నానం చేయించవద్దు, చుట్టాలను పిలిచి చూపించవద్దు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదన్న నియమం అబ్బాయికి ముందే చెప్పి ఒప్పించండి. ఏ కుక్కను ఎంచుకొన్నారో తేలిన తరవాత దాని టీకాల పుస్తకం నకలు, బరువు రాసి పంపితే మొదటి ఆరు నెలల టీకాల, నట్టల మందు తేదీలు వేసి పంపుతాను.